ఆకుపచ్చ ఎర్తు తీగ

కారులో పాటల పెట్టెకి ఎంత లావు కరెంటు తీగ వెయ్యాలన్నది లోకంలో పెద్ద సమస్యేమీ కాదు. నాకు మాత్రం ఏడెనిమిది నెలలు అదే సమస్య. నేను ఎలక్ట్రికల్ ఇంజనీర్ని. మా జిల్లాలో కరెంటు ఆఫీసులో నాలుగేళ్ళు పని చేశాను. మా సబ్‌స్టేషన్‌లో నా సంతకం పడందే లైన్ల మీద ఎవడూ చెయ్యి వేసేవాడు కాదు. అలాంటి దాన్ని సిడ్నీకి పడమర వైపు, క్వేకర్స్ హిల్‌లో మా ఇంటికి పది నిమిషాల దూరంలో, కార్ల కరెంటు పని చేసే ఒక షెడ్డులో తీగలు మీటర్ల లెక్కన కోసి అమ్మే పనికి కుదిరాను. ఇప్పుడు చెబుతుంటే నవ్వొస్తోంది. అప్పుడు రాలేదు.

మేం వచ్చింది తొంభై తొమ్మిది మొదట్లో. మా ఆయన కోబాల్ ప్రోగ్రామరు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తెలియక తలకిందులైపోతాయని అందరూ హడలి చస్తున్న రోజులవి. ఆ భయం పుణ్యమా అని ఆయనకి దిగిన రెండో వారంలోనే పని దొరికింది. నాకు దొరకలేదు. నేను అప్లికేషన్ పెట్టని కంపెనీ లేదు. అందరిదీ ఒకటే పాట. మీ అనుభవం చాలా బావుంది, కానీ లోకల్ ఎక్స్‌పీరియన్స్ లేదు కదా. అంటే ఈ దేశంలో నేను పని చేశానని ఈ దేశపు మనిషి ఎవరైనా ఉత్తరం రాసివ్వాలి. ఎవరూ పనే ఇవ్వకపోతే అనుభవం ఎక్కడినుంచి ఊడిపడుతుందని ఒకావిడని ఫోన్లోనే అడిగేశాను. ఆవిడ ఎంతో మర్యాదగా గుడ్ లక్ చెప్పి పెట్టేసింది.

మా ఆయన స్నేహితులు వారం వారం మా ఇంటికొచ్చి, నేను చేసిన పులిహోర తింటూ, "జావా నేర్చుకోండి వదినా, మూడు నెలల్లో జాబ్," అని ఉచిత సలహాలిచ్చేవారు. వాళ్ళలో ఒకడు సివిలు, ఒకడు మెకానికలు, ఇంకొకడు పశువైద్యం. అందరూ ప్రోగ్రామర్లే. నాకు ఒళ్ళు మండేది. చదివిన చదువుని చెప్పుల్లా గుమ్మం బయట విడిచి లోపలికి రమ్మంటే నేను రానన్నాను. మొండిదాన్నని మా అమ్మ ఊరికే అనలేదు.

ఒక శనివారం మా పాత కారు కదలనని మొరాయించింది. పక్కింటాయన వ్యానుకి కట్టి లాగించుకుంటూ ఆ షెడ్డుకి తీసుకెళ్ళాం. బ్యాటరీ చచ్చిందని మా ఆయన. తప్పు బ్యాటరీది కాదు, దాన్ని నింపే ఆల్టర్నేటర్ది అని నేను. మీకు తెలీదు ఊరుకోండని నేను, నువ్వూరుకోమని ఆయన, తెలుగులో బాగానే తగువేసుకున్నాం. బానెట్ కింద తల దూర్చిన ముసలాయన తల ఎత్తకుండానే, "పాప చెప్పేది కరెక్టు," అన్నాడు. అదీ తెలుగులో.

తగువు ఆపేసి ఆయన్ని ఎక్కడివారని అడిగాం. ఆయనది ఫిజీ. ముత్తాత ఎప్పుడో చెరకుతోటల్లో కూలికి ఓడెక్కి వెళ్ళాడట. ఎనభై ఏడులో అక్కడ గొడవలయ్యాక ఈయన పెళ్ళాం పిల్లలతో సిడ్నీ వచ్చి ఈ షెడ్డు పెట్టుకున్నాడు. ఇంట్లో హిందీ, బయట ఇంగ్లీషు. తెలుగు నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది. ఊరగాయ జాడీలో పెట్టి వాసెన కట్టినట్టు ఎప్పటి తెలుగో అప్పటిలాగే ఉంది. ఎలక్ట్రికల్ చదివానని చెప్పగానే చేతులు తుడుచుకుని నావైపు తిరిగాడు.

"ఇంజనీరు అయితివా? అయితే ఇంట్లో ఏమి చేస్తావు పాపా?"

"ఉద్యోగం ఎవరూ ఇవ్వట్లేదు అంకుల్. లోకల్ ఎక్స్‌పీరియన్స్ లెటరు కావాలంటున్నారు."

"నేను ఇస్తా. ముందు కౌంటర్, తర్వాత చూస్తాము. సిక్స్ మంత్స్ మంచిగా చేస్తివంటే, లెటర్ నేను రాసి ఇస్తా."

తిరిగొచ్చేటప్పుడు మా ఆయన స్టీరింగు గట్టిగా పట్టుకుని, "కౌంటర్లో నిలబడి తీగలమ్ముతావా? మనవాళ్ళెవరైనా చూస్తే?" అన్నాడు.

"చూస్తే ఓ రెండు మీటర్లు కొనుక్కోమనండి," అన్నాను.

సెప్టెంబరులో చేరాను. శుక్రవారం వచ్చిందంటే చాలు, షెడ్డు ముందు కుర్రాళ్ళ కార్లు బారులు తీరేవి. కార్లో వచ్చే మామూలు పాట వాళ్ళకి చాలదు. డిక్కీలో ఒక ఆంప్లిఫయరు, దాని పక్కన డోలంత స్పీకరు ఉండాలి. ఎదురింటి అద్దాలు అదిరితే తప్ప అది పాట కింద లెక్క కాదు. ఆ ఆంప్లిఫయరుకి కరెంటు ముందున్న బ్యాటరీ నుంచి రావాలి. దానికెంత లావు తీగ కావాలన్నదే అందరూ కౌంటర్ దగ్గర అడిగే ప్రశ్న.

ఇంట్లో అయితే ఆరొందల వాట్ల మిక్సీకి సన్నతీగ చాలు, ఎందుకంటే గోడలో రెండొందల ముప్ఫై వోల్టులుంటాయి. కారులో పన్నెండే. వోల్టులు తగ్గితే అదే పనికి ఆంపియర్లు పెరుగుతాయి. మిక్సీకి మూడు కూడా పట్టని చోట ఈ పెట్టెకి యాభై పడతాయి, అది వేడి రూపంలో పారేసుకునేది కలిపితే డెబ్బై. తీగ సన్నదైతే కాలుతుంది. పొడుగెక్కువైతే వోల్టులు దారిలోనే ఖర్చైపోయి పాట గొంతు పట్టేస్తుంది. కాబట్టి వాట్లు, పొడుగు రెండూ చూసి లావు తేల్చాలి. ఇది నాకు కరతలామలకం. ప్రతి బండికీ ఒక కాగితం తీసి లెక్క కట్టేదాన్ని.

అంకుల్‌కి లెక్కల్లేవు. ఎనిమిదో క్లాసుతో బడి మానేశాడు. చిన్న కారుకి పదో నెంబరు తీగ, పెద్ద కారుకి ఎనిమిదో నెంబరు, అంతే. నెంబరు తగ్గేకొద్దీ తీగ లావవుతుంది. బిగించాక పాట గట్టిగా పెట్టి, పది నిమిషాలాగి, తీగలన్నిటినీ ఈ కొస నుంచి ఆ కొస దాకా పిడికిలితో పట్టుకుంటూ వెళ్ళేవాడు. చెయ్యి వెచ్చబడితే పీకేసి ఇంకా లావుది వేసేవాడు. ఇదేం పద్ధతండీ బాబూ అనుకునేదాన్ని, పైకి అనేదాన్ని కాదు. మా ఆయనతో మాత్రం రాత్రి భోజనాల దగ్గర, జ్వరం చూసే డాక్టర్లా తీగల చెయ్యి పట్టుకుంటాడని వెక్కిరించేదాన్ని. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కొత్త సంవత్సరం వచ్చింది. జనవరి ఒకటిన లైట్లు వెలిగాయి, కుళాయిల్లో నీళ్ళొచ్చాయి, బ్యాంకు మిషన్లు డబ్బులిచ్చాయి. ప్రపంచమంతా హమ్మయ్య అనుకుంది, మా ఇల్లు తప్ప. ఏ ప్రమాదం జరక్కుండా చూసే పనికే మా ఆయన్ని పెట్టుకున్నారు. ఏ ప్రమాదమూ జరగలేదు కాబట్టి నెల తిరక్కుండా థాంక్యూ చెప్పి పంపేశారు. ఆయన సోఫాలో కూర్చుని పేపర్లో ఉద్యోగాల పేజీ చదవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఇంట్లోకి వచ్చేది నా కౌంటర్ జీతం ఒక్కటే. నేను చేరి ఐదు నెలలు. ఇంకొక్క నెల ఓపిక పడితే ఆ లెటరు వస్తుంది, దాంతో నాకు అసలు ఉద్యోగం వస్తుంది. పొద్దున్న లేస్తే అదే ఆలోచన. వంట చేస్తున్నా అదే.

ఫిబ్రవరిలో ఒక పొడుగాటి వ్యాను వచ్చింది. వ్యాను యజమాని హైదరాబాదు ముస్లిము. చీరలు, చుడీదారు గుడ్డలు బండినిండా వేసుకుని, సిడ్నీలోనూ కాన్‌బెర్రాలోనూ మనవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి అమ్ముకుంటాడు. నేను తెలుగని తెలిసి కౌంటర్ మీదకి వంగాడు.

"చెల్లె, నా బండి పొడుగున్నది జూడు. కాన్‌బెర్రా దాక పోవాలె, రావాలె. పాట లేకుంటె నిద్రొస్తది. పోయినేడు ఒకడు పెట్టిండు, గొంతు పిసికినట్టు వస్తది పాట. మంచిగ పెట్టు."

అంకుల్ అలవాటుగా ఎనిమిదో నెంబరు చుట్ట అందుకున్నాడు. నేను ఆగమని కాగితం తీశాను. బ్యాటరీ నుంచి వెనక తలుపు దాకా తీగ ఆరు మీటర్లు పడుతుంది. ఎనిమిదో నెంబరు వేస్తే దాదాపు ఒక వోల్టు దారిలోనే పోతుంది. ఉన్నదే పన్నెండు. వాడెవడో పెట్టినప్పుడు గొంతు పిసికినట్టు రావడానికి కారణం అదే. నాలుగో నెంబరు వెయ్యాలి. ఇదంతా అంకుల్‌కి వేలు పెట్టి చూపిస్తూ చెప్పాను. ఆయన కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. రెండు చుట్టలూ రెండు చేతుల్లో పట్టుకుని బరువు చూశాడు.

"నీ లెక్క కరెక్టు పాపా. ఈ బండి నువ్వే చెయ్యి. పూర్తిగా నువ్వే."

నా ఆనందం ఏమని చెప్పను! ఐదు నెలల తర్వాత మొదటిసారి కౌంటర్ దాటి లోపలికి, బండి దగ్గరికి వెళ్ళాను. ఆ మధ్యాహ్నం అంకుల్ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి ఉంది. వెళ్తూ వెళ్తూ, "అయిపోయినాక చేత పట్టుకొని చూడు," అన్నాడు. అలాగే అన్నాను.

ఎర్ర తీగ నాలుగో నెంబరుది, నా బొటనవేలంత ఉంది. బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టాను. తీగ తివాచీ కిందనుంచి, ఎక్కడా రాపిడి తగలకుండా, వెనకదాకా లాక్కొచ్చాను. మోకాళ్ళు కొట్టుకుపోయాయి. ఇక మిగిలింది ఎర్తు. పెట్టెలోకి వచ్చిన కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్ళడానికి దారి కావాలి. కారులో ఆ దారి బండి ఒళ్ళే. పెట్టె దగ్గర్నుంచి పక్కనున్న ఇనుప రేకుకి రెండు జానల తీగ ఒకటి బిగిస్తే చాలు. అరలో ఆకుపచ్చ తీగ కనబడింది. పన్నెండో నెంబరు, సన్నది. కోశాను, బిగించాను. క్షణం కూడా ఆలోచించలేదు.

పాట పెట్టాను. అబ్బో, షెడ్డు రేకులు మోగాయి. వ్యాను ఆయన చెవుల మీద చేతులు పెట్టుకుని, "బాప్ రే! గిది గదా పాటంటె!" అని నవ్వాడు. నేను పొంగిపోయాను. చేత పట్టుకుని చూడలేదు. కాగితం మీద లెక్క ఉండగా చెయ్యి దేనికి?

మూడో రోజు మధ్యాహ్నం ఆ వ్యాను తిరిగొచ్చింది. ఆయన దిగుతూనే వెనక తలుపులు తెరిచాడు. కాలిన ప్లాస్టిక్ కంపు నాకు కౌంటర్ దగ్గరికే కొట్టింది. వెనకాల తివాచీ పళ్ళెమంత మేర నల్లగా మాడింది. దాని పక్కనున్న చీరల మూట ఒక మూల బొగ్గైపోయింది. ఆయన భార్య బండి దిగి దూరంగా గోడ దగ్గర నిలబడింది. దగ్గుతోంది.

"హైవే మీద పోతున్న అంకుల్! వెనుక సీట్ల మా ఆవిడ పండుకున్నది. పొగ! ఆమె లేసి మొత్తుకోకుంటె ఏమయితుండె? ఎవరు చేసిండ్రు గిది?"

అంకుల్ వంగి లోపలికి చూశాడు. నేనూ వెనక నిలబడి చూశాను. ఎర్ర తీగ కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది. దాని పక్కన నా ఆకుపచ్చ ఎర్తు తీగ తొడుగు కరిగి రాలిపోయి, రాగి నల్లగా బయటపడింది.

చూడగానే అర్థమైపోయింది. ఇళ్ళలో ఎర్తు తీగకి మామూలు రోజుల్లో పనే ఉండదు. ఎక్కడైనా తేడా వచ్చినప్పుడు మాత్రమే దాంట్లో కరెంటు పారుతుంది. అందుకే మాకు ఎర్తంటే సన్నదీ, ఆకుపచ్చదీ. ఎర్తుకి సన్నది చాలయ్యా, దుబారా చెయ్యకండని లైన్‌మెన్లకి నాలుగేళ్ళు చెప్పిన నోరిది. కారులో అలా కాదు. లావు తీగలోంచి లోపలికి వెళ్ళిన డెబ్బై ఆంపియర్లూ ఆ ఎర్తులోంచే తిరిగి రావాలి. వెళ్ళే తీగ ఎంత లావో వచ్చే తీగా అంతే లావుండాలి. చిన్నపిల్లలకి చెప్పినా అర్థమయ్యే సంగతి. ఫ్యూజు కూడా కాపాడలేదు. ఎందుకు కాపాడుతుంది? దాన్ని నేను లావు తీగకి సరిపడా పెట్టాను, కరెంటు దాని హద్దులోనే ఉంది. నా లెక్కలో తప్పు లేదు. సగం లెక్కే కట్టాను. ఆ రెండు జానల తీగని నేను తీగ కింద లెక్కేసుకోలేదు.

"చెప్పు అంకుల్, ఎవరు చేసిండ్రు?"

అంకుల్ నడుం పట్టుకుని లేచాడు. "నేనే చేస్తిని. నా తప్పు. ఈ రోజే మంచిగా చేసి ఇస్తా, పోయిన గుడ్డల డబ్బు నేను ఇస్తా."

"నువ్వా? ఆ చెల్లె గాదా?"

"ఆమెకి నేను చెప్తిని, ఆమె చేసింది. షాపు నాది. నాదే తప్పు."

నేను అక్కడే ఉన్నాను. రెండడుగుల దూరంలో. నోరు తెరిస్తే చాలు. నోట్లో నాలుక లేనిదాన్నా నేను? ఫోన్లో ముక్కూ మొహం తెలియని ఆవిడనే నిలదీసినదాన్ని. కానీ నా కళ్ళ ముందు లెటరు కనబడింది, సోఫాలో మా ఆయన కనబడ్డాడు. గోడ దగ్గర దగ్గుతున్న మనిషి వైపు చూడలేక కౌంటర్ వెనక్కి వెళ్ళిపోయాను. ఎవరో అడిగిన రెండు మీటర్ల స్పీకరు తీగ కోశాను. వంకరగా తెగింది.

అంకుల్ స్వయంగా కూర్చుని ఎర్తు మార్చాడు. నాలుగో నెంబరే, నల్లది. తివాచీ కొత్త ముక్క వేశాడు. వ్యాను వెళ్ళిపోయాక చేతులు కడుక్కుని, టీ కలుపుకుని, కౌంటర్ ఎదురుగా బల్ల మీద కూర్చుని నావైపు చూశాడు. చాలాసేపే చూశాడు.

"నాలుగో నెంబరు ఒక చుట్టే మిగిలింది అంకుల్. ఆర్డరు పెట్టమంటారా?" అన్నాను.

"పెట్టు," అన్నాడు.

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఆయన పేపరు మడిచి, "ఆయనే తన మీద వేసుకున్నాడుగా. నువ్విప్పుడు వెళ్ళి తగుదునమ్మా అని చెప్పి చెడగొట్టకు. లెటరు చేతికొచ్చేదాకా నోరు మూసుకో," అన్నాడు. ఆ మాటకి ఆయన మీద విరుచుకుపడాలి కదా నేను? పడలేదు. సరిగ్గా ఆ మాట కోసమే చెప్పాను.

సంగతి అక్కడితో అయిపోలేదు. చీరల ఆయన పది ఇళ్ళు తిరిగే మనిషి. ముసలాయనకి చూపు తగ్గింది, ఏ తీగ ఎంత లావో కనబడట్లేదన్న మాట పది ఇళ్ళకీ చేరింది. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిన మాట కూడా నిజమే కాబట్టి అందరూ నమ్మారు. ఎప్పుడూ వచ్చేవాళ్ళు ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు. వచ్చినవాళ్ళు కూడా, "ఆర్ యూ షూర్ అంకుల్?" అని రెండుసార్లు అడిగేవారు. ఆయన ఓపికగా తీగ చూపించేవాడు. నేను వింటూ బిల్లులు రాసేదాన్ని. తలెత్తి చూసేదాన్ని కాదు.

మార్చి చివర్లో ఆరు నెలలు నిండి పైన మూడు వారాలు కూడా అయ్యాయి. లెటరు మాట నేనెత్తకుండా ఆయనే ఎత్తాడు. "నువ్వే రాసుకొని రా పాపా. నా ఇంగ్లీషు షాపు ఇంగ్లీషు. నేను సైన్ చేస్తా." మనకిది మామూలే. మా ఆఫీసులో ఎవరికి సర్టిఫికెట్ కావాలన్నా వాళ్ళే రాసుకుని పెద్దాయన ముందు పెట్టేవారు, ఆయన చదవకుండా గీకేసేవాడు. నేనూ రాసుకున్నాను. శ్రద్ధగలది, నమ్మకస్థురాలు, సొంతంగా వైరింగు పని చెయ్యగలదు. అక్కడ ఆగొచ్చుగా! బుద్ధి గడ్డి తిని ఇంకొక వాక్యం కలిపాను. ఈమె చేసిన పనిలో ఇంతవరకూ ఒక్క లోపం కూడా రాలేదు.

ఆయన చదవకుండా సంతకం పెట్టే మనిషి కాదు. కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క లైను కింద వేలు నడుపుతూ చదివాడు. చివరి వాక్యం దగ్గర వేలు ఆగింది. నేను గోడకున్న క్యాలెండరు చూస్తున్నాను. కాసేపటికి పెన్ను చప్పుడు వినబడింది. మడతపెట్టి కవర్లో పెట్టి ఇచ్చాడు.

ఆ కవరుతో ఏప్రిల్లో నన్ను ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. ఫ్యాక్టరీలకి కరెంటు బోర్డులు చేసే కంపెనీ. ముగ్గురు కూర్చున్నారు. పని గురించి అడిగినవన్నీ గడగడా చెప్పాను. చివర్లో మేనేజరు, నెరిసిన జుట్టాయన, వెనక్కి వాలి ఒక ప్రశ్న వేశాడు. పనిలో జరిగిన ఒక తప్పు చెప్పు, దాన్నుంచి ఏం నేర్చుకున్నావో చెప్పు. ఈ దేశంలో ఈ ప్రశ్న అడుగుతారని నాకు తెలుసు, మా సబ్‌స్టేషన్ కథ ఒకటి బట్టీపట్టి వచ్చాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, అక్కడిది కాదు, ఇక్కడ, ఆస్ట్రేలియాలో జరిగింది చెప్పమన్నాడు.

నా దగ్గర ఒక్కటే ఉంది. కానీ ఒక్క లోపం కూడా రాలేదన్న కాగితం ఆయన ముందు బల్ల మీదుంది.

"మా ఓనరు ఒకసారి ఒక వ్యానుకి ఎర్తు తీగ సన్నది వేశారు," అని మొదలుపెట్టాను. ఎంత బాగా చెప్పానో! డెబ్బై ఆంపియర్లు ఎలా వెళ్ళాయి, ఎలా తిరిగొచ్చాయి, ఫ్యూజు ఎందుకు ఊరుకుంది, ఇళ్ళ వైరింగు అలవాటు మనిషినెలా మోసం చేస్తుంది, అన్నీ చెప్పాను. తప్పెక్కడుందో నేను చూసి చెప్పానన్నాను. అప్పట్నుంచి వెళ్ళే దారితో పాటు తిరిగొచ్చే దారినీ చూస్తానన్నాను. ముగ్గురూ తలలూపారు. ఒకాయన రాసుకున్నాడు కూడా.

ఉద్యోగం వచ్చింది. మా ఆయన సోఫాలోంచి ఎగిరి గంతేశాడు. షెడ్డుకి వెళ్ళి అంకుల్‌కి చెబితే, "సంతోషము పాపా," అని నా నెత్తిన చెయ్యి పెట్టాడు. మిఠాయి ఇచ్చి వచ్చేశాను.

కొత్త ఉద్యోగంలో మొదటి రోజు మేనేజరు నన్ను బోర్డులు బిగించే చోటికి నడిపించుకుని వెళ్తూ, మాటల మధ్యలో మామూలుగా చెప్పాడు. నిన్ను తీసుకునే ముందు మీ పాత ఓనరుకి ఫోన్ చేశాను. ఆ ఎర్తు సంగతి నిజమేనా అని అడిగాను. అవును, తప్పు నాదే, కనిపెట్టింది ఆమే అన్నాడాయన. ఆమెని వదులుకోవడం నాకు నష్టం అని కూడా అన్నాడు. తన తప్పు అలా ఒప్పుకునే ఓనర్లు ఎక్కడున్నారు, నువ్వు మంచి చోట నేర్చుకున్నావు.

నాకు తల కొట్టేసినట్టయింది. నేను ఇంటర్వ్యూలో ఏం కోతలు కోశానో ఆయనకి ముందు తెలీదు. ఫోన్లో విన్న ఆ క్షణంలోనే ఆయనకి తెలిసింది. విన్నవాడు విన్నట్టే నా అబద్ధానికి తన మాట సాక్ష్యంగా ఇచ్చాడు. వారమంతా నాకు అన్నం సయించలేదు.

శనివారం షెడ్డుకి వెళ్ళాను. అంకుల్ ఒక్కడే ఉన్నాడు, ఒక స్టార్టరు మోటారు విప్పుకుని కూర్చున్నాడు. కుశలప్రశ్నలు నా వల్ల కాలేదు. నిలబడే చెప్పేశాను. "అంకుల్, ఆ వ్యాను ఎర్తు నేను వేశాను. మీరు చేత పట్టుకుని చూడమన్నారు, నేను చూడలేదు. ఆ రోజు వాళ్ళ ముందు నేను చెప్పాల్సింది. చెప్పలేదు. ఇంటర్వ్యూలో కూడా మీ మీదే పెట్టాను. మీ పేరు పాడుచేశాను." ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

ఆయన స్పానరు కింద పెట్టాడు. ముఖంలో కోపం లేదు, జాలి కూడా లేదు.

"తెలుసు పాపా. నాకు తెలియదా?"

"మరి ఎందుకు అంకుల్ మీ మీద వేసుకున్నారు?"

"కస్టమర్‌కి ఓనర్ చెప్పవలె. అది నా పని, నేను చెప్తిని. నువ్వు వాళ్ళకి చెప్పే పని లేదు." గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ అడిగాడు. "వాళ్ళకి నేను చెప్తిని. ఆ రోజు నాకు ఎవరు చెప్పవలె?"

దెప్పడానికి అనలేదు. నిజంగానే అడిగాడు. అడిగి, ఆ రోజు టీ తాగుతూ చూసినట్టే, నా జవాబు కోసం చూశాడు.